గర్భిణి మనోవ్యథ - శిశువు బరువు

సరిహద్దు పల్లెనుండి బెంగళూరులోని కాటన్‌పేటకు పనికై వెళ్ళిన ఇల్లాలికి నెలలు నిండకముందే కాన్పు అయితే, లేదా బిడ్డ బరువు తక్కువైతే తలరాత అని సరిపెట్టుకొనేవారు ఉన్నారు. కొందరు ఆమె కులాన్ని, వంశాన్ని నిందిస్తారు. ఈ రెండూ సరికావని పరిశోధనలు తెలుపుతున్నాయి.

అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రపు జననాలను పరిశీలించి రిచర్డ్ డేవిడ్, జేమ్స్ కాలిన్స్ అనే వైద్యులు 1997లో ఒక అధ్యయనం ప్రకటించారు. అమెరికాలో పుట్టిన తెల్లజాతి తల్లుల శిశువుల సగటు బరువు 3,446 గ్రాములు. అక్కడే పుట్టిన నల్లజాతి తల్లుల శిశువులది 3,089 గ్రాములు. ఆఫ్రికాలో పుట్టి వలస వచ్చిన నల్లజాతి తల్లుల శిశువులు మాత్రం సగటున 3,333 గ్రాములు తూగారు. లోపం రక్తంలోనే ఉంటే ఈ తేడా రాకూడదు. ఏళ్ళ తరబడి చిన్నచూపును భరించడం వలన కలిగే ఒత్తిడి ఒక కారణం కావచ్చునని పలువురు పరిశోధకుల అభిప్రాయం.

మనసు నిరంతరం కలత చెందితే శరీరంలో కార్టిసాల్ వంటి హార్మోనులు పెరుగుతాయి. బిడ్డకు అవి చేరకుండా మాయ కొంతవరకు అడ్డుకొంటుంది. ఒత్తిడి దీర్ఘకాలం సాగితే ఆ రక్షణ సన్నగిల్లవచ్చు. 37 వారాలు నిండకముందే నొప్పులు రావచ్చు. రక్తహీనత, పోషకాహార లోపం, అధిక రక్తపోటు తోడైతే ప్రమాదం మరింత హెచ్చుతుంది. 2.5 కిలోలకు లోపు పుట్టినవారిని తక్కువ బరువు శిశువులంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో బరువు నమోదైన శిశువులలో సుమారు 18 శాతం అట్టివారే.

మన వద్ద ఆ చిన్నచూపు కులం, పేదరికం, భాష రూపాలలో ఎదురవుతుంది. కాటన్‌పేట వంటి కిక్కిరిసిన పేటలో అద్దెగదిలో ఉండే గర్భిణికి కన్నడం రాకపోవచ్చు. పుట్టింటివారు దగ్గర ఉండరు. బాడుగ చింత, విశ్రాంతి లేని పని తప్పవు. ఆ పేటకు దూరం కాని చోటనే 1935లో వెలసిన వాణీవిలాస్ ప్రభుత్వ ఆసుపత్రి కలదు. భాష రాదన్న జంకుతో పరీక్షలు వాయిదా వేయరాదు.

కుటుంబం చేయదగిన పనులు కొన్ని కలవు. స్వగ్రామంలో ఇచ్చిన తల్లీబిడ్డల రక్షణ కార్డును ఆమె వెంట పంపాలి. ఆసుపత్రికి కన్నడం తెలిసినవారిని తోడు పంపాలి. ఆడపిల్ల పుడుతుందేమోనన్న ఎత్తిపొడుపులు మానాలి. బరువు పనులు తగ్గించి, వేళకు తిండి, నిద్ర అందేలా చూడాలి. దిగులు తగ్గకుంటే 14416 నంబరుకు ఫోను చేస్తే టెలి మానస్ సలహాదారులు ఉచితంగా, తెలుగులోనూ మాట్లాడతారు. తీవ్రమైన తలనొప్పి, ముఖం వాపు, రక్తస్రావం, బిడ్డ కదలికలు తగ్గడం వంటివి కనిపిస్తే ఆలస్యం చేయక 108ని పిలవాలి.