సైబరాబాద్ పెరటిలో గుడ్ల కోళ్లు: తొలి మందకు ముందు వేసుకోవలసిన లెక్క

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటికి చుట్టుపక్కల కొండాపూర్, ఖాజాగూడ, నానక్‌రాంగూడ, పుప్పాలగూడ ఇంకా గ్రామాలుగానే ఉండేవి. రాతిగుట్టల నడుమ పొలాలు, ఇళ్ల వెనుక పెరళ్లు, పెరళ్లలో నాటుకోళ్లు కనిపించేవి. నేడు అక్కడ బహుళ అంతస్తుల భవనాలు వెలిశాయి. అయినా పాత గ్రామకంఠం ఇళ్లలోనూ, కొన్ని విల్లాలలోనూ కొద్దిపాటి పెరడు మిగిలి ఉంది. అటువంటి చోట గుడ్ల కోసం నాలుగైదు పెట్టలను పెంచాలనుకునేవారు అడిగే మొదటి ప్రశ్న ‘ఏ రకం కొనాలి?’ అన్నది. అంతకంటే ముందు ఎన్ని పెంచాలి, ఏ వయసువి తేవాలి, వాటికి మేత ఎక్కడిది, రెట్ట ఎక్కడికి పోతుంది అన్నవి తేల్చుకోవాలి.

ఎన్ని? ఏ రకం?

జాతీయ పోషకాహార సంస్థ సిఫారసు ప్రకారం మనిషికి ఏడాదికి 180 గుడ్లు కావాలి. నలుగురున్న కుటుంబానికి ఇది 720 గుడ్లు. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలనాలయం గుడ్ల కోసం రూపొందించిన ‘గ్రామప్రియ’ పెరటి పరిస్థితులలో 72 వారాల వయసు వరకు సుమారు 160 నుండి 180 గోధుమరంగు గుడ్లు పెడుతుంది. అంటే ఐదు పెట్టలు చాలు. అదే సంస్థ రూపొందించిన ‘వనరాజా’ మాంసానికీ, గుడ్లకూ ఉద్దేశించిన రకం కనుక గుడ్లు 100 నుండి 110 వరకే వస్తాయి. నాటుపెట్ట ఏడాదికి 50, 60 గుడ్లకు మించదు కాని, పొదిగి పిల్లలను సాకుతుంది. గుడ్లే లక్ష్యమైనపుడు గ్రామప్రియను సూచించడం సమంజసం.

పిల్లలా? పెట్టలా?

తొలిసారి పెంచేవారు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. ఒకరోజు పిల్లలకు మొదటి వారం సుమారు 35 డిగ్రీల వెచ్చదనం కావాలి. దానిని వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గిస్తూ రావాలి. మారెక్స్, కొక్కెర తెగులు, గంబోరో, మశూచి టీకాలు సకాలంలో వేయాలి. టీకా మందు వందల మోతాదుల సీసాలలో వస్తుంది. కలిపిన తరువాత నిలువ ఉండదు. ఐదు పిల్లల కోసం ఒక సీసా తెరవడం ఎవరికీ గిట్టుబాటు కాదు. పైగా లింగనిర్ధారణ లేకుండా తెచ్చిన పిల్లలలో దాదాపు సగం పుంజులే అవుతాయి. గుడ్డు పెట్టడానికి పుంజు అవసరం లేదు. రాత్రి షిఫ్టు ముగించుకుని వేకువన నిద్రపోయే ఇరుగుపొరుగుకు దాని కూత తగాదాగా మారుతుంది. కనుక టీకాలన్నీ పూర్తయి, గుడ్లకు రానున్న నాలుగైదు నెలల పెట్టలను తెచ్చుకోవడమే మేలు.

వసతి

రాత్రి గూడులో పెట్టకు రెండు చదరపు అడుగులు, పగలు తిరగడానికి ఎనిమిది నుండి పది చదరపు అడుగుల స్థలం ఉండాలి. కుక్క, పిల్లి, ముంగిస, పందికొక్కు చొరబడకుండా సన్నకన్నుల ఇనుపజాలీ బిగించి, దాని అంచును అడుగు లోతున పాతాలి. ఐదు పెట్టలకు ఒక గుడ్ల పెట్టె, నేల మీద మూడంగుళాల వరిపొట్టు సరిపోతాయి. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఎండకు సిమెంటు డాబా, రాతినేల మరింత వేడెక్కుతాయి. చెట్టు నీడ ఉన్న మట్టినేలే అనుకూలం. డిసెంబరులో పగటి నిడివి సుమారు 11 గంటలకు తగ్గుతుంది కనుక గుడ్లు తగ్గడం సహజం. అది రోగం కాదు. స్థానిక సంస్థ, కాలనీ సంఘం నిబంధనలను ముందే తెలుసుకోవాలి.

మేత లెక్క

ఐదు పెట్టలు రోజుకు 100 గ్రాముల చొప్పున తింటే ఏడాదికి సుమారు 182 కిలోల మేత కావాలి. 800 గుడ్లు వస్తే గుడ్డుకు 228 గ్రాములు పడుతుంది. వాణిజ్య ఫారంలోని పెట్ట సుమారు 40 కిలోలు తిని 300కు పైగా గుడ్లు పెడుతుంది; అక్కడ గుడ్డుకు 130 గ్రాములు మాత్రమే. మేతనంతా కొని పెంచితే ఇంటి గుడ్డు అంగడి గుడ్డు కంటే ప్రియమవుతుంది. ఈ మాట ముందే చెప్పాలి. కూరగాయల తొక్కలు, నూకలు, ఆకుకూరలు, అజొల్లా, పెరటి పురుగులు సగం మేతను తీర్చినపుడే లెక్క సరిపోతుంది. అయితే ఉప్పు, మసాలా ఎక్కువైన కూరలు, బూజు పట్టిన గింజలు, వేరుశనగ చెక్క పెట్టరాదు. బూజు నుండి వచ్చే అఫ్లాటాక్సిన్ కాలేయాన్ని దెబ్బతీస్తుంది. గుడ్డు పెంకు గట్టిపడటానికి ఆల్చిప్పల పొడిని వేరే పాత్రలో అందుబాటులో ఉంచాలి.

రెట్ట: వ్యర్థమా, ఎరువా?

సస్యశాస్త్ర దృష్టిలో ఈ మంద ఇచ్చే రెండవ పంట ఇదే. ఎండిన కోళ్ల ఎరువులో సుమారు 3 శాతం నత్రజని ఉంటుంది; పశువుల ఎరువులో 0.5 శాతమే. పచ్చి రెట్టను నేరుగా వేస్తే వెలువడే అమ్మోనియా లేత వేళ్లను మాడుస్తుంది. పైగా పచ్చిగా తినే కొత్తిమీర, పుదీనా మీద రోగక్రిములు చేరుతాయి. రెట్టను వరిపొట్టుతో సహా ఎత్తి, ఎండుటాకులు కలిపి, తేమ నిలుపుతూ, తిరగవేస్తూ రెండు మూడు నెలలు మగ్గించాలి. గూడులో ముక్కు మండుతున్నదంటే పొట్టు తడిసిందని గుర్తు.

ఆరోగ్యం

2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల ఫారాలలో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయింది. ఇటువంటి సమయాలలో పెరటి మంద కూడా అడవి పక్షులకు దూరంగా, కప్పు కింద ఉండాలి. కోళ్లు ఒక్కసారిగా చనిపోతే కోసి తినడం, చెత్తలో పారవేయడం తగదు, పశువైద్యునికి తెలపాలి. గూడు శుభ్రం చేసిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

విస్తరణ శాస్త్రజ్ఞులకు

నగరవాసికి ‘చవక గుడ్లు’ అని ఆశ చూపితే ఆరు నెలలలో గూడు ఖాళీ అవుతుంది. తాజా గుడ్డు, తగ్గిన చెత్త, మొక్కలకు ఎరువు ఈ మూడింటినీ కలిపి లెక్కించి చూపడం ఉచితం. పదిమందిని ఒక జట్టుగా చేసి, ఒకేసారి టీకాలు వేసిన పెట్టలను తెప్పించడం మన చేతిలోని పని. రెండవ ఏట గుడ్లు తగ్గిన పెట్టలను ఏమి చేయాలో కూడా మొదటి సమావేశంలోనే చర్చించాలి. ఆ ప్రశ్నకు జవాబు లేని ఇంటికి కోళ్లను సిఫారసు చేయకపోవడమే సరైన సలహా.