సేవ కాదు, హక్కు: పాలమూరులో సోషల్ వర్క్ పాఠం

ఫీల్డ్‌వర్క్ కోసం దళితవాడకు వెళ్లిన ఎంఎస్‌డబ్ల్యూ విద్యార్థి రిపోర్టులో తరచూ మూడు మాటలుంటాయి: నిరక్షరాస్యత, తాగుడు, మూఢనమ్మకం. మూడూ వాడలోని మనుషుల లోపాలే. ఊరు వాళ్లకు ఏం చేసిందో ఆ రిపోర్టులో ఉండదు. సామాజిక న్యాయం నేర్పడమంటే ముందు ఈ చూపును మార్చడం.

2016లో ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు ఏర్పడ్డాయి. హద్దులు మారినా పాత సమస్యలు పోలేదు. వాటినే పాఠాలుగా తీసుకోవచ్చు.

మొదటిది వలస. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్న కుటుంబాన్ని "ఎందుకు అప్పు చేశారు?" అని అడిగితే తప్పు వాళ్లదే అవుతుంది. "పని వదిలి వెళ్లనిస్తున్నారా? కనీస కూలి ఇస్తున్నారా?" అని అడిగితే 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం గుర్తుకొస్తుంది. ఇది వెట్టి బాకీ అని కూలీ చెబితే, కాదని రుజువు చేయాల్సింది అప్పిచ్చినవాడేనని ఆ చట్టం 15వ సెక్షన్ చెబుతోంది.

రెండోది జోగిని దురాచారం. దీన్ని 1988లోనే చట్టం నిషేధించింది. 2015 సవరణ తర్వాత ఎస్సీ, ఎస్టీ స్త్రీని ఇలా దేవుడికి అంకితం చేయడం అట్రాసిటీ చట్టం కింద కూడా నేరం. దీన్ని మూఢనమ్మకమని రాసి వదిలేస్తే, ఆ ఆచారాన్ని వాడుకున్న పెద్దకులాల మగవాళ్లు రిపోర్టులోంచి తప్పించుకుంటారు.

మూడోది గద్వాల సీడ్ పత్తి. పూలకు చేత్తో క్రాసింగ్ చేసే పనికి పిల్లలను పెట్టిన చరిత్ర అక్కడుంది. తల్లిదండ్రులకు చదువు విలువ తెలియదని రాసేముందు, ఆ తల్లికి ఎంత కూలి గిడుతోందో, రైతుకు ఆర్గనైజర్ ఎంత ధర కడుతున్నాడో కనుక్కోవాలి.

చట్టం పేరు తెలిస్తే చాలదు. క్లాసులోనే పోలీస్ స్టేషన్ సన్నివేశం చేయించాలి. నోటితో చెప్పిన ఫిర్యాదును రాసుకుని, చదివి వినిపించాకే సంతకం తీసుకోవాలి, కాపీ ఇవ్వాలి. అట్రాసిటీ చట్టం 4వ సెక్షన్ ప్రకారం ఇవి అధికారి విధులు. వాటిని అడిగి చేయించుకోవడం విద్యార్థికి అలవాటు కావాలి.

దేశంలో మొదటి సోషల్ వర్క్ కళాశాలను టాటా ట్రస్టు బొంబాయిలో 1936లో పెట్టింది. అంతకు ముప్పై ఏళ్ల ముందే, 1906లో, హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ జగన్ మిత్ర మండలి స్థాపించారు. జోగిని ఆచారం మీద కూడా పోరాడారు. ఆయన పని సిలబస్‌లో మొదటి పాఠం కావాలి.

ఫీల్డ్‌వర్క్ డైరీ మొదటి పేజీలో ప్రతి విద్యార్థీ ఒకటి రాయాలి: మా ఇల్లు ఊళ్లో ఏ వైపు ఉంది? మా ఇంట్లోకి ఎవరు రాలేరు?