ఇంట్లోనే ఉన్నారుగా!

"ఇంట్లోనే ఉన్నారుగా వదినగారూ, మా గ్యాసుబండ వస్తే కాస్త తీసుకుని ఉంచరూ?"

2020 సెప్టెంబరులో ఒకనాటి ఉదయం పక్కింటావిడ పిట్టగోడ మీదుగా అడిగిన మాట ఇది. ఆ సమయాన నేను వంటింటి గట్టు మీద సెల్‌ఫోను నిలబెట్టి, యాభైమంది డిగ్రీ విద్యార్థులకు తిక్కనగారి ద్రౌపదిని గురించి పాఠం చెబుతున్నాను. సరిగ్గా ద్రౌపది కోపం తారస్థాయికి చేరే వేళకు కుక్కరు మూడోసారి కూత పెట్టింది. ఫోనులోంచి పిల్లల నవ్వులు వినవచ్చాయి. గ్యాసుబండ తీసుకున్నాను, పాఠమూ ముగించాను. కాని మనసు పెట్టి చేసిన పని ఆ పూట ఒక్కటీ లేదు.

మాది హయత్‌నగరు. గోల్కొండ రాణి హయాత్ బక్షీ బేగం పేర వెలసిన ఊరు. ఆమె పేరున్న మసీదు చుట్టూ ఒకప్పుడు బాటసారులు దిగిన సరాయి గదులుంటాయి. విజయవాడ రహదారి మీది ఊరు గనుక మాకు తెల్లవారితే ప్రయాణాలే. ఎనిమిది కొట్టేసరికి వీధిలో సగం మంది బస్సులు పట్టుకుని వెళ్లిపోతారు. అటువంటి రోడ్డు 2020 మార్చి ఆఖరున మూగబోయింది. ఆఫీసులూ, కాలేజీలూ, బడులూ మా ఇళ్లల్లోకే వచ్చి కూర్చున్నాయి.

మొదట సంతోషించాము. బస్సులో తోపులాట తప్పింది, రోజుకు రెండు గంటలు మిగిలాయి అనుకున్నాము. మా ఇల్లు రెండు గదులూ ఒక హాలూ. పడకగదిలో మావారి ఆఫీసు, హాల్లో అమ్మాయి ఏడో తరగతి, వంటింట్లో నా కాలేజీ. మిగిలిన ఆ రెండు గంటలూ ఎటు పోయాయో ఈనాటికీ తెలియదు. రాత్రి పదకొండయినా మంచం మీద కూర్చుని విద్యార్థుల జవాబులు ఫోనులో దిద్దుతూనే ఉండేదాన్ని. ఒకరాత్రి మా అమ్మాయి దుప్పటిలోంచి అన్నది:

"అమ్మా, నువ్వు కాలేజీకి పోయినప్పుడే నయం. సాయంత్రం తిరిగి వచ్చేదానివి."

పగలంతా నా కళ్లెదుటే తిరిగిన పిల్ల ఆ మాట అంటే నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

మరుసటి జనవరిలో, బంధువుల పెళ్లికి చీరలు కొందామని పోచంపల్లి వెళ్లాము. రహదారిన కొంతదూరం పోయి ఎడమకు తిరిగితే మాకు గంట ప్రయాణం. 1951లో వెదిరె రామచంద్రారెడ్డిగారు వినోబాజీకి నూరెకరాలు దానమిచ్చి భూదానోద్యమానికి నాంది పలికిన ఊరు అది. దారాలకు ముందే ముడులు వేసి రంగులద్ది నేసే చీరలకు దేశమంతటా పేరుపొందిన ఊరు. ఆలోచించి చూస్తే, తరతరాలుగా ఇంటినుంచే పని చేస్తున్నవాళ్ల ఊరు కూడా.

మేము వెళ్లిన ఇంట్లో ముందు గదిలోనే గుంటమగ్గం ఉన్నది. ఇంటి యజమాని గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని నేస్తున్నాడు. ఆయన తల్లి రాట్నం మీద కండెలు చుడుతున్నది. ఇంతలో ఎవరో గుమ్మంలో నిలబడి ఆయనను పిలిచారు. "మగ్గం దిగినంక వస్తడు," అన్నది తల్లి. వచ్చినాయన మారుమాటాడకుండా వెళ్లిపోయాడు. "ఇంట్లోనే ఉన్నాడుగా" అనలేదు! మధ్యాహ్నం ఆయన నాడె పక్కన పెట్టి, గుంటలోంచి లేచి, చేతులు కడుక్కుని, మనుమరాలిలాగే ముచ్చటగా ఉన్న తన కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని అన్నం తిన్నాడు. తిన్నంతసేపూ చీర ఊసు ఎత్తలేదు.

"పనీ ఇల్లూ ఒకటే చోట కదా, పెద్దమ్మా! ఎప్పుడు మొదలో, ఎప్పుడు ముగింపో ఎట్లా తెలుస్తుంది?" అని అడిగాను.

ముసలామె నవ్వింది. "గుంటల కాళ్లు పెడితే పని, బయటికి తీస్తే ఇల్లు. గంతే గదమ్మా!"

తిరుగు ప్రయాణంలో ఆ మాటే నెమరువేసుకుంటూ వచ్చాను. ఇంట్లో పని చేయడం మన దేశానికి కొత్తకాదు. గుంట లేకుండా పని చేయడమే కొత్త. మా ఫోనూ ల్యాప్‌టాపూ మంచం మీదికీ, కంచం దగ్గరికీ వస్తాయి. మగ్గం ఆ విధంగా మనిషి వెంట నడవదు.

అయితే నేతగాని ఇల్లు స్వర్గమని నేననను. వానాకాలం గుంటలోకి నీరు ఊరితే మగ్గం ఆగిపోతుంది, దానితో ఆదాయమూ ఆగుతుంది. ఇంట్లో ఆడవారి శ్రమ ఎవరి లెక్కలోకీ రాదు. ఈ చీరకు నూలును ఆసు మీద పోయాలి. మేకుల చుట్టూ దారాన్ని అటూ ఇటూ తిప్పుతూ, ఒక్క చీరకే చేతిని వేలసార్లు ఆడించాలి. ఆ పనితో తల్లి భుజం పడే బాధ చూడలేక ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశంగారు ఏళ్ల తరబడి తంటాలుపడి 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. దానికి అమ్మ పేరే పెట్టారు: లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. ఇంట్లోవాళ్ల అలసటను చూసే కన్ను ఒకటి ఉండాలని ఆయన కథవల్ల నాకు తెలిసింది.

ఇంటికి వచ్చి మేమూ ఒక గుంట తవ్వుకున్నాము! హాల్లో కిటికీ పక్కన ఒక చిన్న బల్ల వేశాము. ఎవరి పాఠం ఉంటే వారిది ఆ బల్ల. అమ్మాయి పాత పలక తలుపుకు కట్టి, ఎవరు ఏ వేళ నుంచి ఏ వేళ వరకు పనిలో ఉంటారో సుద్దముక్కతో రాశాము. పొద్దున బల్ల దగ్గర కూర్చునే ముందు, కాలేజీకి పోయేటట్టే చీర మార్చుకుని వీధి చివరిదాకా నడిచి వచ్చేదాన్ని. సాయంత్రం అయిదున్నరకు ఫోనును అలమరలో పెట్టి మళ్లీ ఒక చుట్టు తిరిగి వచ్చేదాన్ని. "అమ్మ వచ్చింది!" అని అమ్మాయి తమాషాకు తలుపు తీసేది. కుక్కరు కూతలు లెక్కపెట్టే బాధ్యత పొద్దుటిపూట మావారిది. మొదటి వారం పప్పు రెండుసార్లు మాడింది. ఎవరూ ఏమీ అనలేదు.

పనికి ఒక సరిహద్దు ఉండాలన్న సంగతి చట్టాలకూ తెలిసివచ్చింది. పని వేళలు దాటాక ఫోనుకు జవాబివ్వకుండా ఉండే హక్కు గురించి ఉద్యోగులతో చర్చించి ఏర్పాటు చేసుకోవాలని ఫ్రాన్సు దేశం 2017 నుంచి యాభైమందీ అంతకు మించీ ఉన్న సంస్థలకు చట్టం పెట్టింది. చట్టం ఆఫీసు నోరు కట్టవచ్చు. మనంతట మనమే అర్ధరాత్రి ఫోను తెరిస్తే అది మాత్రం ఏం చేస్తుంది?

కాలేజీలు తెరిచి చాలాకాలమయింది. మావారు మాత్రం ఇప్పటికీ వారానికి రెండు రోజులు ఇంటినుంచే పని చేస్తారు. పలక తలుపుకే ఉంది. మొన్న పక్కింటావిడ ఏదో పనిమీద వచ్చి, ఆయన ముందు పలక చూసి, తరువాత గోడ గడియారం చూసి, "అన్నయ్యగారు ఇంకా గుంటలోనే ఉన్నారా? అయిదున్నరకు వస్తాలెండి," అని నవ్వుకుంటూ వెళ్లిపోయింది.