పేరులోని ఆదర్శం, ఊరిలోని వాస్తవం: తెలుగులో సామాజికవర్గ నామాల అర్థపరిణామం

వ్యాససంగ్రహం:
మనుషులు వాడే మాటలు వారి ఆదర్శాలను, ఆకాంక్షలను ప్రతిబింబిస్తాయా అన్న ప్రశ్నను ఈ వ్యాసం సామాజికవర్గ నామాల ఆధారంగా పరిశీలిస్తుంది. ‘పంచమ’, ‘ఆది ఆంధ్ర’, ‘హరిజన’, ‘దళిత’ పదాల చరిత్రను, ‘మాదిగ’ అనే కులనామం ఆత్మగౌరవ చిహ్నంగా మారిన తీరును వివరిస్తుంది. పదంలోని ఆదర్శం దాని వ్యుత్పత్తిలో కంటే ఆ పేరు పెట్టినవారిలోను, దానిని వాడే సందర్భంలోను నిలుస్తుందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: అర్థపరిణామం, మృదూక్తి, అర్థాపకర్ష, స్వీయనామకరణం, దళిత, దండోరా.

1. ఉపోద్ఘాతం:
తెలుగువారి ఇళ్లలో బియ్యం అయిపోతే ‘నిండుకున్నాయి’ అంటారు. దీపం ఆరిపోతే ‘కొండెక్కింది’ అంటారు. ఇంటి నుంచి బయలుదేరేవారు ‘వెళ్తాను’ అనకుండా ‘వెళ్లొస్తాను’ అంటారు. లేమిని, చీకటిని, ఎడబాటును నోటితో పలకకూడదన్న భావన ఈ ప్రయోగాల వెనుక ఉంది. భాషాశాస్త్రవేత్తలు వీటిని మృదూక్తులుగా గుర్తించారు. ఈ మాటలు ఉన్న స్థితిని కాక, ఉండాలని కోరుకునే స్థితిని చెబుతాయి. ఆ మేరకు అవి మనిషి ఆకాంక్షకు ప్రతిబింబాలే.

అయితే బియ్యం నిండుకున్నాయని విన్న వ్యక్తి సంతోషించడు, సంచి పట్టుకొని అంగడికి వెళతాడు. పదరూపంలో ఆకాంక్ష మిగిలింది కాని, అర్థం మాత్రం ఖాళీ అయిన కుండనే అనుసరించింది. రూపానికి, అర్థానికి మధ్య ఉన్న ఈ ఎడం వంటింటి మాటలకు పరిమితమైతే అదొక భాషావిశేషం మాత్రమే. మనుషుల పేర్ల విషయంలో అదే ఎడం సామాజిక సమస్య అవుతుంది.

2. అర్థపరిణామం - సమాజదృష్టి:
పదాల అర్థం కాలక్రమంలో దిగజారడాన్ని అర్థాపకర్ష అని, ఉన్నతిని పొందడాన్ని అర్థోత్కర్ష అని వ్యవహరిస్తారు. ఛందస్సును, అంటే వేదాన్ని, ఎరిగినవాడు అనే అర్థమున్న ‘ఛాందసుడు’ నేడు మూఢాచారపరుణ్ని సూచిస్తున్నాడు. జూదశాలకు సంబంధించిన ‘సభికుడు’ సభలో కూర్చున్న గౌరవనీయుడయ్యాడు. ఈ రెండు మార్పులకూ కారణం పదాల అక్షరాలలో లేదు. ఆయా వ్యక్తుల పట్ల, సందర్భాల పట్ల సమాజదృష్టి మారింది, పదార్థం ఆ దృష్టి వెంట నడిచింది.

దీని నుండి ఒక ముఖ్యమైన విషయం తేలుతుంది. ఒక సమూహం పట్ల చిన్నచూపు కొనసాగుతున్నంత కాలం ఆ సమూహానికి ఎంత ఉదాత్తమైన పేరు పెట్టినా, కొంతకాలానికి ఆ పేరుకు కూడా అదే చిన్నచూపు అంటుకుంటుంది. అప్పుడు మరో కొత్త పేరు అవసరమవుతుంది. స్టీవెన్ పింకర్ ఈ పరిణామాన్ని నిలుచున్నచోటనే నడిపించే వ్యాయామయంత్రమైన ట్రెడ్‌మిల్‌తో పోల్చాడు. తెలుగు సమాజంలో అంటరానివారిగా చూడబడిన కులాల పేర్ల చరిత్ర ఈ సూత్రాన్ని చాలావరకు సమర్థిస్తుంది. కొన్నిచోట్ల దానిని దాటి కూడా వెళుతుంది.

3. పేర్ల పరిణామం:

3.1. పంచమ - ఆది ఆంధ్ర:
‘పంచమ’ అంటే అయిదవది. నాలుగు వర్ణాలకు వెలుపల ఉంచిన జనాన్ని ఆ నాలుగింటి లెక్కతోనే గుర్తించిన పదమిది. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ (1888-1939) అధ్యక్షతన జరిగిన సభ ఈ పేరును నిరాకరించి ‘ఆది ఆంధ్ర’ అనే పేరును స్వీకరించింది. పంచమ సభగా మొదలైన సమావేశం ఆది ఆంధ్ర సభగా ముగియడం తెలుగు సాంఘిక చరిత్రలో ఒక మలుపు. 1922లో మద్రాసు ప్రభుత్వం ‘ఆది ఆంధ్ర’, ‘ఆది ద్రావిడ’ పేర్లను అధికారికంగా ఆమోదించింది.

‘పంచమ’ వరుసలో చివరిస్థానాన్ని సూచిస్తే, ‘ఆది’ మొదటిస్థానాన్ని సూచిస్తుంది. ఈ నేలకు తామే తొలి వారసులమన్న ప్రకటన అందులో ఉంది. పేరు మారినంత మాత్రాన భూమి దక్కలేదు. కాని, హక్కును కోరగల ఒక సామూహిక ‘మేము’ ఆ పేరుతో ఏర్పడింది. ఇక్కడ పదం ఆకాంక్షను ప్రతిబింబించడమే కాక, దానిని వ్యక్తం చేసే సాధనం కూడా అయింది.

3.2. హరిజన:
1930ల తొలినాళ్లలో గాంధీజీ ‘హరిజన’ పదాన్ని విస్తృత ప్రచారంలోకి తెచ్చారు. 1933లో ఆ పేరుతోనే పత్రికను ప్రారంభించారు. దేవుని జనం అనే అర్థంలో ఇంతకంటే ఉన్నతమైన పేరు ఉండదని అనిపించవచ్చు. కాని, దీనిని డా. బి.ఆర్. అంబేద్కర్ అంగీకరించలేదు. 1938లో బొంబాయి శాసనసభలో ఒక బిల్లులో ఈ పదాన్ని చేర్చినప్పుడు ఆయన, ఆయన పార్టీ సభ్యులు నిరసనగా సభ నుంచి వెళ్లిపోయారు.

ఈ వ్యతిరేకతకు మూలం పదార్థంలో కంటే పదసంబంధంలో కనిపిస్తుంది. ‘హరిజన’ అనేది ఆ జనం తమకు తాము పెట్టుకున్న పేరు కాదు, ఇతరుల కరుణ నుండి పుట్టిన పేరు. అందరూ దేవుని బిడ్డలే అయితే ఒక్క సమూహానికే ఆ పేరు ఎందుకన్న ప్రశ్నకు సమాధానం లేదు. తెలుగునాట ‘మాలపల్లె’ ఉన్నచోటనే ‘హరిజనవాడ’ వెలిసింది. పేరు మారింది కాని, ఊరికీ వాడకూ మధ్య దూరం తగ్గలేదు. చివరకు 1982లో కులధ్రువీకరణ పత్రాలలో ఈ పదాన్ని వాడవద్దని కేంద్రప్రభుత్వమే రాష్ట్రాలకు సూచించింది.

3.3. దళిత:
‘దళిత’ శబ్దానికి చీల్చబడిన, అణచబడిన అని అర్థం. 1972లో మహారాష్ట్రలో ఏర్పడిన దళిత్ పాంథర్స్ ఉద్యమం దీనికి రాజకీయశక్తిని ఇచ్చింది. తెలుగునాట 1985 జూలై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో జరిగిన హత్యాకాండ, దాని తరువాత ఏర్పడిన దళిత మహాసభ ఈ పదాన్ని ప్రజావ్యవహారంలో స్థిరపరిచాయి. 1995లో వెలువడిన ‘చిక్కనవుతున్న పాట’ సంకలనం నాటికి దళిత కవిత్వం తెలుగు సాహిత్యంలో బలమైన ధోరణిగా నిలిచింది.

పై రెండు పదాలను పక్కపక్కన ఉంచితే ఒక వైరుధ్యం గోచరిస్తుంది. ‘హరిజన’ ఆదర్శాన్ని చెప్పి గాయాన్ని దాచింది. ‘దళిత’ గాయాన్ని చెప్పింది. అయినా సమానత్వ స్వప్నం రెండవ పదంలోనే బలంగా నిలిచింది. కర్మణ్యర్థం గల ఈ పదం వినగానే ‘ఎవరు అణచారు?’ అన్న ప్రశ్న పుడుతుంది. ఆ ప్రశ్నలోనే మార్పును కోరే అవకాశం ఉంది.

3.4. మాదిగ:
1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన మాదిగ దండోరా ఉద్యమం మరో మార్గాన్ని ఎంచుకుంది. కొత్త పేరును వెదకక, తిట్టుగా వినిపించిన కులనామాన్నే కార్యకర్తలు తమ పేర్ల చివర చేర్చుకున్నారు. ‘దండోరా’ అనే మాట కూడా గమనించదగినది. ఇతరుల ఉత్తర్వులను ఊరికి చాటడానికి మోగిన డప్పు ఇక్కడ తమ వాటాను తామే అడగడానికి మోగింది. పదాలను మార్చకుండా వాటి కర్తను మార్చిన సందర్భమిది.

4. చట్టభాష:
1935 భారత ప్రభుత్వ చట్టం ద్వారా వ్యవహారంలోకి వచ్చిన ‘షెడ్యూల్డ్ కులాలు’ అనే పేరులో ఏ ఆదర్శమూ, ఏ స్వప్నమూ లేవు. అది ఒక జాబితా పేరు. అయినా రాజ్యాంగబద్ధమైన రక్షణలు, రిజర్వేషన్లు ఆ పేరు ఆధారంగానే అందుతున్నాయి. 2018లో ‘దళిత’ పదానికి బదులు ఈ పేరును వాడాలని కేంద్ర సమాచార, ప్రసార మంత్రిత్వశాఖ ప్రసారమాధ్యమాలకు సూచించినప్పుడు వచ్చిన అభ్యంతరాలు గమనార్హం. జాబితా పేరు హక్కును గుర్తిస్తుంది కాని, చరిత్రను చెప్పదు. అందువల్ల ఒకటి రెండవదానికి పూర్తి ప్రత్యామ్నాయం కాలేదు.

షెడ్యూల్డ్ కులాలు, తెగల అత్యాచారాల నిరోధక చట్టం (1989), 2015 సవరణ తరువాత, బహిరంగప్రదేశంలో ఆ వర్గాలవారిని ఇతరులు కులం పేరుతో దూషించడాన్ని నేరంగా స్పష్టంగా పేర్కొంది. ఒకే కులనామం ఒకరి నోట ఆత్మగౌరవం, మరొకరి నోట శిక్షార్హమైన దూషణ. పదార్థాన్ని నిఘంటువు ఒక్కటే నిర్ణయించలేదనడానికి ఇది బలమైన నిదర్శనం.

5. సమకాలీన పోలిక - దివ్యాంగ:
ఇదే సమస్య ‘వికలాంగ’ పదం విషయంలోనూ కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో ‘విభిన్న ప్రతిభావంతులు’ అనే వ్యవహారం వచ్చింది. 2015 డిసెంబరులో ప్రధానమంత్రి సూచించిన ‘దివ్యాంగ’ పదం త్వరగా వ్యాపించింది. వైకల్యాన్ని లోపంగా చూడరాదన్న ఆదర్శం ఈ పేర్లలో ఉంది. కాని, మెట్లు మాత్రమే ఉన్న కార్యాలయం ముందు చక్రాలకుర్చీలో ఆగిపోయిన వ్యక్తికి కావలసింది దివ్యత్వం కాదు, లోపలికి వెళ్లే దారి. ఆ దారి లేనప్పుడు ‘దివ్యాంగ’ కూడా ‘నిండుకున్నాయి’ వంటి మాటే అవుతుంది.

6. ముగింపు:
పై పరిశీలన ద్వారా ఈ క్రింది అంశాలు తేలుతున్నాయి.

- పదాలు ఆదర్శాలను ప్రతిబింబిస్తాయి. అయితే అవి ఎవరి ఆదర్శాలన్నది పేరు పెట్టినవారిని బట్టి ఉంటుంది. ‘ఆది ఆంధ్ర’లో పిలువబడేవారి ఆకాంక్ష, ‘హరిజన’లో పిలిచేవారి ఆదర్శం ఉన్నాయి.
- ఉదాత్తమైన వ్యుత్పత్తి పదాన్ని అర్థాపకర్ష నుండి కాపాడలేదు. సమాజదృష్టి మారనిదే పేరు మార్పు నిలవదు.
- బాధను సూచించే పదం కూడా స్వప్నాన్ని మోయగలదు. ‘దళిత’ పదం ఇందుకు ఉదాహరణ.
- స్వీయనామకరణం వల్ల పరిస్థితి వెంటనే మారకపోయినా, మార్పును కోరగల సమూహం రూపొందుతుంది.

వాడలో నివసించే వ్యక్తి ‘ఊళ్లోకి వెళ్లొస్తాను’ అని చెప్పడం పల్లెల్లో నేటికీ వినిపించే మాటే. ఆ వాక్యంలో నిందాపదం ఒక్కటీ లేదు. అయినా తాను ఊరికి వెలుపల ఉన్నానన్న చరిత్ర అంతా అందులో ఉంది. కాబట్టి సామాజికవర్గ నామాల అధ్యయనం గొప్ప పదాల వద్ద ఆగిపోకుండా, ఇటువంటి అతిసాధారణ వాక్యాల వరకు సాగవలసి ఉంది. ఆ వాక్యం అనవసరమైన రోజున, ఆదర్శం పదరూపాన్ని దాటి పదార్థంలోకి చేరిందని చెప్పవచ్చు.