స్త్రీలలో కటి భాగపు దీర్ఘకాలిక నొప్పి – ఫిజియోథెరపీ చికిత్స

తలనొప్పి వచ్చినా, కాలు బెణికినా మనం వెంటనే ఇంట్లో చెబుతాం. పొత్తికడుపు కింద, కటి భాగంలో వచ్చే నొప్పిని మాత్రం చాలామంది స్త్రీలు ఏళ్ల తరబడి దాచుకుంటారు. ధైర్యం చేసి చెప్పినా ‘ఆడవాళ్లకు ఇది మామూలే’ అనే జవాబు వస్తుంది. స్కానింగ్‌లో ఏమీ కనిపించకపోతే ‘నీకు ఏమీ లేదు’ అని కూడా అంటారు. నొప్పి ఉండి, స్కానింగ్‌లో ఏమీ కనిపించకపోవడం ఎలా సాధ్యం? దీనికి ఫిజియోథెరపీ ఎలా ఉపయోగపడుతుంది? ఈ పాఠంలో తెలుసుకుందాం.

సూరత్‌లోని తెలుగు ఇళ్లు

ముందుగా ఒక ఉదాహరణ. గుజరాత్‌లోని సూరత్ నగరం సింథటిక్ చీరలకు, పవర్‌లూమ్‌లకు ప్రసిద్ధి. తెలంగాణ జిల్లాల నుంచి పద్మశాలి నేత కుటుంబాలు దశాబ్దాలుగా అక్కడికి వలస వెళ్లి లింబాయత్, ఉధనా వంటి ప్రాంతాల్లో స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా పాఠశాలలు నడిపిందంటే అక్కడ మనవారి సంఖ్య ఎంతో ఊహించవచ్చు. ఈ వాడల్లో చాలామంది స్త్రీలు ఇంట్లోనే చీరలకు రాళ్లు అంటించడం, లేసు కుట్టడం, దారాలు కత్తిరించడం వంటి పనులు చేస్తారు. కూలి చీర లెక్కన వస్తుంది కాబట్టి నేల మీద ముందుకు వంగి గంటల తరబడి కూర్చుంటారు. మూత్రానికి లేవడం కూడా వాయిదా వేస్తారు.

ఇలా కూర్చోవడమే నొప్పికి కారణమని చెప్పలేం. కాని ఉన్న నొప్పిని ఇది పెంచవచ్చు. ఎందుకో అర్థం కావాలంటే ఆ భాగపు నిర్మాణం తెలియాలి.

చీర ఉయ్యాల వంటి కండరాలు

కటి ఎముకల వలయానికి అడుగున కొన్ని కండరాలు పరుచుకొని ఉంటాయి. వీటిని పెల్విక్ ఫ్లోర్ కండరాలు అంటారు. ముందు జఘనాస్థి నుంచి వెనుక తోక ఎముక వరకు, పసిపిల్లలకు చీరతో కట్టే ఉయ్యాలలా ఇవి వేలాడుతూ మూత్రాశయాన్ని, గర్భాశయాన్ని, పురీషనాళాన్ని మోస్తాయి. మూత్ర, మల విసర్జనలను అదుపు చేసేవి కూడా ఇవే. మనం గాలి పీల్చినప్పుడు ఛాతీకి, కడుపుకు మధ్యనున్న ఉదరవితానం కిందికి దిగుతుంది. దానితోపాటు ఈ ఉయ్యాల కూడా కొద్దిగా దిగి, గాలి వదిలినప్పుడు పైకి లేస్తుంది.

నొప్పి ఎలా పాతుకుపోతుంది?

ఆరు నెలలు లేదా అంతకు మించి ఉండే నొప్పిని దీర్ఘకాలిక నొప్పిగా లెక్కిస్తారు. దీనికి కారణాలు అనేకం. గర్భాశయపు లోపలి పొరను పోలిన కణజాలం బయట పెరిగే ఎండోమెట్రియోసిస్, గర్భాశయ నాళాల ఇన్ఫెక్షన్లు, మన దేశంలో మరచిపోకూడని జననాంగ క్షయ, శస్త్రచికిత్స తర్వాత ఏర్పడే అతుకులు, మూత్రాశయ, పేగుల సమస్యలు వీటిలో ముఖ్యమైనవి.

కారణం ఏదైనా, నొప్పి ఉన్నచోట కండరం తనను తాను కాపాడుకోవడానికి బిగుసుకుంటుంది. పంటి నొప్పి ఉన్నప్పుడు దవడ బిగుసుకున్నట్లే ఇది కూడా. బిగిసిన కండరం క్రమంగా తానే నొప్పికి మూలమవుతుంది. ఆ నొప్పికి భయపడి మనిషి ఇంకా బిగుసుకుంటుంది. నెలలు గడిచేసరికి వెన్నుపాము, మెదడు కూడా నొప్పి సంకేతాలకు అతిగా స్పందించడం మొదలుపెడతాయి. సాధారణ స్కానింగ్‌లో కండరపు బిగువు గాని, నాడుల అతిస్పందన గాని కనిపించవు. అంతమాత్రాన నొప్పి కల్పితం కాదు.

చికిత్సలో ఏం చేస్తారు?

మొదట స్త్రీ వైద్య నిపుణులు మూలవ్యాధి ఉందేమో పరీక్షిస్తారు. ఆ తర్వాత ఫిజియోథెరపిస్టు నడక, కూర్చునే తీరు, నడుము, తుంటి కీళ్లు, ఊపిరి తీసే పద్ధతి చూస్తారు. లోపలి కండరాలను పరీక్షించవలసి వస్తే ముందుగా వివరించి, అనుమతి తీసుకొని మాత్రమే చేయాలి. వద్దని చెప్పే హక్కు రోగికి ఎప్పుడూ ఉంటుంది. బయటి నుంచి చేసే చికిత్సలు కూడా చాలా ఉన్నాయి.

1. శ్వాస సాధన: వెల్లకిలా పడుకొని, మోకాళ్లు మడిచి, కడుపు పైకి లేచేలా నెమ్మదిగా గాలి పీల్చాలి. దీనివల్ల అడుగు కండరాలు సడలడం నేర్చుకుంటాయి.

2. చేతితో చేసే చికిత్స: కడుపు, తొడలు, తుంటి, కటి కండరాల్లో నొప్పి పుట్టించే బిగుతు బిందువులను గుర్తించి, నెమ్మదిగా ఒత్తి వదులు చేస్తారు. సిజేరియన్ మచ్చ చుట్టూ బిగుసుకున్న చర్మాన్ని కూడా కదిలిస్తారు.

3. బయోఫీడ్‌బ్యాక్: కండరం ఎప్పుడు బిగుస్తోందో, ఎప్పుడు వదులవుతోందో తెర మీద చూపించే పరికరం ఇది. కంటికి కనిపించని కండరాన్ని అదుపులోకి తెచ్చుకోవడానికి తోడ్పడుతుంది.

4. టెన్స్: చర్మం మీద అతికించిన పట్టీల ద్వారా స్వల్ప విద్యుత్తు పంపుతారు. 1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించిన ‘గేట్’ సిద్ధాంతం దీనికి ఆధారం. స్పర్శ సంకేతాలు వెన్నుపాములో నొప్పి సంకేతాల దారిని కొంతవరకు మూయగలవని ఆ సిద్ధాంతం చెబుతుంది. దెబ్బ తగిలినచోట మనం చేత్తో రుద్దుకోవడం ఇలాంటిదే.

5. అలవాట్ల మార్పు: అరగంటకోసారి లేచి నడవడం, పీట మీద కూర్చోవడం, మూత్రం ఆపుకోకపోవడం, మలబద్ధకం రాకుండా చూసుకోవడం.

ఇక్కడ ఒక ముఖ్యమైన హెచ్చరిక. 1948లో అమెరికన్ వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ ప్రచారంలోకి తెచ్చిన బిగింపు వ్యాయామాలు ప్రసవానంతరం మూత్రం కారే సమస్యకు మంచివి. కాని కండరం ఇప్పటికే బిగుసుకుపోయినవారు వాటిని సొంతంగా చేస్తే నొప్పి పెరగవచ్చు. వారు ముందుగా నేర్చుకోవలసింది వదలడం.

ఇది ఎంతవరకు పనిచేస్తుంది? మూత్రాశయ నొప్పితో బాధపడే 81 మంది స్త్రీలపై ఉత్తర అమెరికాలో జరిగి, 2012లో ప్రచురితమైన ఒక పరిశోధనను చూద్దాం. కటి కండరాలకు ప్రత్యేక చికిత్స పొందినవారిలో 59 శాతం మందికి మెరుగనిపించింది. మామూలు మర్దన పొందినవారిలో 26 శాతం మందికే అలా అనిపించింది. అంటే ఇది అందరికీ పనిచేసే మంత్రం కాదు, అలాగని వట్టి మర్దన కూడా కాదు.

నొప్పికి మాటలు

సలుపు, పోటు, మంట, లాగడం, పీకడం – ఈ మాటలన్నీ వేర్వేరు నొప్పులను సూచిస్తాయి. మంట నాడిని, లాగడం కండరాన్ని గుర్తుచేయవచ్చు. సూరత్‌లో న్యూ సివిల్ ఆసుపత్రి, నగరపాలక సంస్థకు చెందిన స్మీమర్ ఆసుపత్రి వంటి పెద్ద ప్రభుత్వ వైద్యశాలలు ఉన్నాయి. కాని అక్కడ గుజరాతీలో, హిందీలో మాట్లాడాలి. ఈ తేడాలన్నీ ‘దర్ద్’ అనే ఒక్క మాటలో కలిసిపోయే ప్రమాదం ఉంది. అందుకే శరీరపు బొమ్మ మీద నొప్పి చోటును గుర్తించడం, ఏ పని చేస్తే పెరుగుతుందో రాసుకొని వెళ్లడం ఎంతో మేలు. భాష తెలిసిన కూతురో, కోడలో తోడు వెళ్లవచ్చు. అయితే రోగి ఒంటరిగా మాట్లాడదలచుకుంటే ఆ అవకాశం కూడా ఇవ్వాలి.

హఠాత్తుగా తీవ్రమైన నొప్పి, జ్వరం, నెల తప్పినప్పుడు నొప్పి, ముట్లుడిగిన తర్వాత రక్తస్రావం, తొడల మధ్య తిమ్మిరి – వీటిలో ఏది కనిపించినా వ్యాయామాలతో కాలయాపన చేయక వెంటనే డాక్టరును కలవాలి.

సారాంశం: ఆరు నెలలు దాటిన కటి నొప్పి ‘మామూలు’ కాదు. దానికి మూలం అవయవాల్లో, కండరాల్లో, నాడుల్లో ఎక్కడైనా ఉండవచ్చు. బిగిసిన కండరాన్ని వదులు చేయడం నేర్పించవచ్చు. మీ ఇంట్లో ఎవరైనా ఈ నొప్పి గురించి చెబితే ముందుగా వారి మాట నమ్మండి. చికిత్స అక్కడే మొదలవుతుంది.

ఆలోచించండి:
1. స్కానింగ్ మామూలుగా ఉన్నా నొప్పి ఎందుకు ఉండవచ్చు?
2. బిగింపు వ్యాయామాలు అందరికీ ఎందుకు సరిపోవు?
3. మీ ప్రాంతంలో నొప్పిని తెలిపే మాటలు ఎన్ని ఉన్నాయి? సేకరించండి.