ఆవకాయ రోజుల్లో తుఫాను



మే నెల వచ్చిందంటే మన కోస్తా పట్టణాల్లో ఆడవాళ్ళకి ఊపిరి సలపదు. ఒక పక్క ఆవకాయ ముక్కలు కొట్టించడం, మరో పక్క డాబా మీద వడియాలూ అప్పడాలూ. సెలవులకి వచ్చిన పిల్లల సంగతి సరేసరి. అలాంటప్పుడు "బంగాళాఖాతంలో వాయుగుండం" అని వార్తల్లో చెబితే మనం అంతగా పట్టించుకోం. తుఫానులంటే దీపావళికి అటూ యిటూ వచ్చేవి కదా, యింత మండుటెండలో తుఫానేమిటి అనుకుంటాం.

అసలు ఆ యెండే తుఫానుకి మూలం. సముద్రపు నీరు 26, 27 డిగ్రీలకు మించి వేడెక్కితే ఆవిరి జోరుగా పైకి లేస్తుంది. అది మేఘంగా మారేటప్పుడు తనలోని వేడిని గాలికి యిస్తుంది. వేడెక్కిన గాలి యింకా పైకి పోతుంది, కింద పీడనం తగ్గుతుంది, చుట్టూ వున్న గాలి అక్కడికి పరుగెత్తి సుడి తిరుగుతుంది. మొదట అల్పపీడనం, తరవాత వాయుగుండం. గాలి వేగం గంటకు 62 కిలోమీటర్లకు చేరితే తుఫాను. మే నెలలో పుట్టేవి చాలావరకు ఒడిశా, బెంగాల్, బంగ్లాదేశ్, బర్మాల వైపు పోతాయి. అన్నీ పోవు. 1990 మే 9న వచ్చిన తుఫాను మచిలీపట్నం దగ్గర, 2010 మే 20న లైలా తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటాయి.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో సుమారు 10,000 మంది పోయారు. 1990లో అంత బలమైన తుఫానే ఆ ప్రాంతానికే వచ్చినా ప్రాణనష్టం 1,000 లోపే. గాలి కనికరించి కాదు, హెచ్చరిక ముందుగా అందింది, తీరం నుంచి జనాన్ని పెద్ద యెత్తున తరలించారు. అంటే ప్రాణాలు కాపాడేది ముందుచూపే.

"పట్నంలో డాబాయింట్లో వున్నాం, మాకేం భయం?" అంటారేమో. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని తాకినప్పుడు చాలా పేటల్లో రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు లేకపోతే మోటారు తిరగదు, ట్యాంకు నిండదు, లిఫ్టు కదలదు, సెల్‌ఫోను పలకదు. కనుక పట్నం యిల్లాలికి తుఫాను అంటే ముందు నీళ్ళ సమస్య.

వాతావరణ శాఖ సుమారు 48 గంటల ముందు ఒకసారి, 24 గంటల ముందు మరోసారి హెచ్చరిస్తుంది. పనులు కూడా అలాగే రెండుగా పంచుకోండి.

మొదటి హెచ్చరిక వినగానే బయటి పనులు. వడియాలు తీసేయండి. పూలకుండీలు, ఊడిన రేకులు కిందికి దింపించండి. గాలిలో లేస్తే అవే ఆయుధాలు. డాబా తూములో చెత్త తీయించండి. అత్తగారి మందులు వారానికి సరిపడా తెప్పించండి. చేతిలో కొంత రొక్కం వుంచుకోండి. కాగితాలు ప్లాస్టిక్ సంచిలో కట్టండి. ఆవకాయ జాడీ యెత్తయిన పీట మీదికి చేర్చండి. కూర లేని రోజు ఆదుకునేది అదే!

రెండో హెచ్చరికతో లోపలి పనులు. తాగడానికి, వంటకి మనిషికి రోజుకు 4 లీటర్ల లెక్కన 3 రోజులకి నీళ్ళు పట్టండి. అయిదుగురికి 60 లీటర్లు. వాడకం నీళ్ళు గంగాళాల్లో, బకెట్లలో వేరే. అటుకులు, మరమరాలు, వేయించిన సెనగలు సిద్ధం చేసుకోండి. టార్చికీ, ట్రాన్సిస్టరుకీ కొత్త సెల్సు వేయండి. ఫోన్లు ఛార్జి చేయండి. కరెంటు పోయాక ఫ్రిజ్ మాటిమాటికీ తెరవకండి. మూసివుంటే సుమారు 4 గంటలు చల్లదనం నిలుస్తుంది.

గాలి మొదలయ్యాక కిటికీలకు దూరంగా, లోపలి గదిలో కూర్చోండి. మెయిన్, గ్యాస్ కట్టేయండి. ఒక్క మాట మాత్రం మరవద్దు. హోరుగాలి వున్నట్టుండి ఆగిపోవచ్చు. అది తుఫాను కన్ను మన మీదుగా పోవడం. అయిపోయిందని మగవాళ్ళు చూడ్డానికి బయల్దేరతారు, పిల్లలు వెంటపడతారు. గడప దాటనివ్వకండి. కాసేపట్లో గాలి యెదుటి దిక్కునుంచి అంతే బలంగా కొడుతుంది. తుఫాను దాటిపోయిందని రేడియోలో చెప్పేదాకా ఆగండి. ఆ తరవాత కూడా తెగిపడ్డ తీగెల జోలికి పోవద్దు. కొన్నాళ్ళు నీళ్ళు మరగకాచి తాగండి.

చివరిగా, మన పనిమనిషి వుండేది ఏ యింట్లో? పాక అయినా రేకుల షెడ్డు అయినా, ముందురోజే పిల్లాపాపలతో రమ్మని చెప్పండి. ఆ లెక్కకి నీళ్ళూ బియ్యమూ కలుపుకోండి. "ఫరవాలేదమ్మా" అని మొహమాటపడుతుంది. అయినా మళ్ళీ పిలవండి.

సెలవు.