చంద్రా లోయ పర్వత సైకిల్ యాత్ర

చంద్రా లోయ హిమాచల్ ప్రదేశ్ రాష్ట్రములోని లాహౌల్-స్పితి జిల్లాలో చంద్రా నది వెంబడి ఉన్న హిమానీనద లోయ. మనాలి నుండి కాజాకు వెళ్ళు దారిలో గ్రాంఫూ నుండి బాతల్ వరకు సుమారు 50 కి.మీ. మార్గము ఈ లోయ గుండా సాగును. భారతదేశములో పర్వత సైకిలుపై చేయు కఠినమైన యాత్రలలో ఇది ఒకటి. దూరము స్వల్పమే అయినను గాలి పలుచన, మంచు కరిగిన నీటితో ఉప్పొంగు వాగులు ప్రయాణమును మందగింపజేయును. కావున ఇక్కడి ప్రణాళికకు ఆధారము కిలోమీటర్లు కాదు. రాత్రి బస చేయు ఎత్తు, వాగు దాటు వేళ.

భౌగోళికము

చంద్రా నది బారాలాచా కనుమ ప్రాంతమున జన్మించి, తాండి వద్ద భాగా నదితో కలిసి చంద్రభాగ అగును. దిగువన దీనినే చీనాబ్ అందురు. పూర్వము హిమానీనదము ఒరుసుకొని పోయినందున ఈ లోయ ఆంగ్ల అక్షరము 'యు' ఆకారములో, వెడల్పైన అడుగుభాగముతోను నిటారు గోడలతోను ఉన్నది. ప్రధాన హిమానీనదము పక్క లోయలకంటె లోతుగా తొలిచినది. అందుచే పక్క లోయలు ఎత్తున వ్రేలాడుచున్నట్లు మిగిలినవి. వాటి నుండి దిగు వాగులు దారిని అడ్డముగా దాటి నదిలో కలియును. బాతల్‌కు దిగువన బడా శిగ్రి అను సుమారు 27 కి.మీ. పొడవైన హిమానీనదము ఈ లోయలోనికి దిగుచున్నది.

గ్రాంఫూ సుమారు 3,200 మీ., బాతల్ సుమారు 3,960 మీ. ఎత్తున ఉన్నవి. అనగా సగటు వాలు నూటికి ఒకటిన్నర మాత్రమే. పటములో సులభముగా కనిపించు ఈ దారిపై హిమానీనదములు వదలిన రాళ్ళు, కంకర, వాగులు ఉండుటచే వేగము మిక్కిలి తగ్గును.

వాగులు దాటు వేళ

రాత్రి చలికి మంచు కరుగుట మందగించును. కనుక తెల్లవారుజామున వాగులలో నీరు తక్కువగా ఉండును. ఎండ పెరిగిన కొలది నీరు పెరిగి, మధ్యాహ్నము నుండి సాయంకాలము లోపల గరిష్ఠ స్థాయికి చేరును. ఉదయము చీలమండలోతు ఉన్న వాగు మధ్యాహ్నమునకు దాటరానిది కావచ్చును. అందువలన పెద్ద వాగులున్న భాగమును ఉదయమే ముగించునట్లు మజిలీలను నిర్ణయించవలెను.

నీరు రాతిపొడి వలన బూడిదరంగులో ఉండుటచే లోతు కంటికి తెలియదు. వడిగల నీరు మోకాలిని మించినచో ఆగి, మరునాటి ఉదయము వరకు వేచియుండుట ఉత్తమము. సామానును, సైకిలును వేర్వేరుగా మోసి దాటించవలెను. రాళ్ళు పదునుగా ఉండునందున పాదరక్షలు విడువరాదు.

ఎత్తుకు అలవాటుపడుట

సముద్రమట్టముతో పోల్చిన 4,500 మీ. ఎత్తున వాయుపీడనము సుమారు 58 శాతము మాత్రమే. 3,000 మీ. దాటిన తరువాత నిద్రించు ఎత్తును రోజుకు 500 మీ. కంటె ఎక్కువగా పెంచరాదనియు, మూడు నాలుగు రోజులకొకసారి విశ్రాంతి దినము ఉండవలెననియు వైద్యుల సూచన. తలనొప్పి, వాంతి వచ్చినట్లుండుట తొలి లక్షణములు. నడక తడబడుట, విశ్రాంతిగా ఉన్నప్పుడును ఆయాసము తగ్గకపోవుట ప్రాణాపాయ సూచనలు. అట్టి స్థితిలో వెంటనే దిగువకు వెళ్ళవలెను.

మజిలీలు

మనాలి (సుమారు 2,050 మీ.) లో కనీసము రెండు రాత్రులు గడిపిన పిదప ఈ క్రింది విధముగా సాగవచ్చును.

* మొదటి రోజు: మనాలి నుండి మఢీ.
* రెండవ రోజు: రోహ్‌తాంగ్ కనుమ (3,978 మీ.) దాటి, గ్రాంఫూ మీదుగా ఛత్రూ.
* మూడవ రోజు: ఛోటా దారా. దూరము తక్కువ; ఉదయముననే ముగించవచ్చును.
* నాలుగవ రోజు: బాతల్.
* ఐదవ రోజు: బాతల్‌లో విశ్రాంతి. ఆరోగ్యము బాగున్నవారు 14 కి.మీ. దూరములోని చంద్రతాల్ సరస్సును చూసి రావచ్చును. ఈ సరస్సు 2005లో రామ్‌సార్ చిత్తడినేలల జాబితాలో చేరినది.
* ఆరవ రోజు: కుంజుమ్ కనుమ (సుమారు 4,550 మీ.) ఎక్కి, స్పితి లోయలోని లోసర్‌కు దిగుట.

బాతల్ నుండి కుంజుమ్ వరకు సుమారు 12 కి.మీ. దూరములో 590 మీ. ఎక్కవలసి ఉండును. ఈ ప్రణాళికకు తోడు రెండు అదనపు రోజులు చేతిలో ఉంచుకొనవలెను.

ఋతువు

కుంజుమ్ కనుమ సాధారణముగా జూన్ నుండి అక్టోబరు వరకు తెరచి ఉండును. జూలై, ఆగస్టులలో వాగులు ఉధృతముగా ప్రవహించును. సెప్టెంబరులో నీరు తగ్గినను రాత్రులు మిక్కిలి చల్లగా ఉండును. వేసవిలో సైతము మంచు కురియవచ్చును. 2023 జూలైలో చంద్రతాల్ వద్ద సుమారు 290 మంది మంచులో చిక్కుకొనగా, దారి తొలగించి వారిని తరలించవలసి వచ్చినది.

సామగ్రి

వెడల్పైన టైర్లు, డిస్క్ బ్రేకులు, నిటారు ఎక్కుడుకు తగిన తేలిక గేర్లు గల సైకిలు అవసరము. ట్యూబులు, బ్రేకు ప్యాడ్లు, స్పోకులు, చైను లింకులు అదనముగా ఉంచుకొనవలెను. రాతిపొడి బ్రేకు ప్యాడ్లను, చైనును త్వరగా అరగదీయును. అదే పొడి నీటి వడపోత పరికరములను మూసివేయును. కావున వాగు నీటిని పాత్రలో కొంతసేపు నిలువ ఉంచి, తేటను వంచి, మరిగించి త్రాగుట మంచిది. దారిలోని దాబాలు ఋతువును బట్టి మూయబడును. ఫోను సౌకర్యము లోయ పొడవునా లభించునని నమ్మరాదు. చేరవలసిన తేదీని, ఎప్పటివరకు కబురు రాకున్న వెదకవలెనో మనాలిలోనే ఒకరికి వ్రాసి ఇచ్చి బయలుదేరవలెను.